ఎవరి కొడుకుగా

మనుషుల్నీ బళ్లనీ రేవు దాటించే పంటు ఇసుక మేట ఎక్కి కూర్చుంది. వెనక ముక్తేశ్వరం రేవు ఎంత దూరమో ముందు కోటిపల్లి రేవూ అంతే దూరం. చుట్టూ గోదావరి, నెత్తిన వైశాఖ మాసపు ఎండ. ఇంజను ఒకసారి మూలిగింది, ఇంకోసారి దగ్గింది, ఆ తర్వాత పంటు నడిపే సరంగే దాని నోరు నొక్కేశాడు. "పోటు తగిలితే అదే లేత్తాదండి. కంగారేం లేదండి బాబూ" అని అందరికీ కలిపి ఒకే సమాధానం చెప్పి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, బీడీ వెలిగించుకున్నాడు. కంగారేం లేదట. మోటారు సైకిళ్ల మధ్య ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డ వేదవ్యాస్‌కి ఆ మాట విని నవ్వొచ్చింది. ఆర్నెల్లుగా అతను తింటున్నదీ తాగుతున్నదీ కంగారే. కాకినాడలో ప్లీడరుగారు మధ్యాహ్నం భోజనానికి లేవకముందే రమ్మన్నారు. అక్కడ దొడ్డమ్మ అప్పుడే వచ్చి కూర్చుని ఉంటుంది. ఇక్కడ, రేకు నీడన బల్ల మీద, సంచీ ఒళ్లో పెట్టుకుని అమ్మ కూర్చుని ఉంది. ఈ నీళ్లు దాటి అవతలికి వెళ్లాక అమ్మ ప్లీడరుగారి ముందు ప్రమాణం చేసి, వేదవ్యాస్ తన కొడుకు కాడని చెప్పాలి. చెబుతానంది. అడగ్గానే చెబుతానంది. అదే అతనికి మింగుడు పడటం లేదు.

కొడుకు కాడన్నది నిజమే, అబద్ధమూను. వేదవ్యాస్ కపిలేశ్వరపురంలో ఘనాపాఠిగారి రెండో కొడుకుగా పుట్టాడు. ఐదో ఏట ఆయన తమ్ముడు బాలగంగాధరంగారికీ, ఆయన భార్య పార్వతికీ దత్తు వెళ్లాడు. ఆ రోజు నుంచీ కన్నతల్లి సుగుణ దొడ్డమ్మ అయింది, పిన్ని పార్వతి అమ్మ అయింది, తోడబుట్టిన సోమయాజులు పెదనాన్నగారి కొడుకయ్యాడు. ఇందులో వింతేమీ లేదు, వైదికుల ఇళ్లలో పిల్లలు లేని తమ్ముడికి అన్న పిల్లాణ్ణిచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఇన్నేళ్లూ ఎవరూ దాన్ని తవ్వలేదు. తవ్వింది మెల్‌బోర్న్. సోమయాజులు అక్కడికి వెళ్లి పదేళ్లు దాటింది. పోయిన దీపావళికి ఫోన్ చేసి, "ఒరే వ్యాసూ, నీ పనికి ఇక్కడ గిరాకీ ఉందిరా, నేను స్పాన్సర్ చేస్తాను, వచ్చెయ్యి" అన్నాడు. వేదవ్యాస్ పని అంటే నగరం అనే ఊరి దగ్గర గ్యాస్ స్టేషన్‌లో మీటర్లూ వాల్వులూ చూసుకునే పని. కాంట్రాక్టు పని. ప్రతి మార్చిలోనూ పోతుందనుకోవడం, ప్రతి ఏప్రిల్‌లోనూ ఇంకో ఏడాదికి పొడిగించడం. తనకన్నా వెనక చేరినవాళ్లు పర్మనెంటు అయ్యారు, వాళ్ల బావమరుదులు కూడా అయ్యారు. వేదవ్యాస్ కాలేదు. అమలాపురంలో బడిపంతులమ్మగా చేస్తున్న దుర్గాశ్రీ, అతని భార్య, ఒకరోజు చపాతీ పిండి పిసుకుతూ, "ఇక్కడ ఉద్యోగమే పర్మనెంటు కాదంటున్నారు, అక్కడ మనుషుల్నే పర్మనెంటు చేస్తామంటున్నారు, ఇంకా ఆలోచనేమిటండీ" అంది. నిజమే కదా అనిపించింది. అలా మొదలైంది.

హైదరాబాదు వెళ్లాడు. అమీర్‌పేటలో వీసాల ఆఫీసు, మూడో అంతస్తు, లిఫ్టు పని చెయ్యదు, గోడ మీద పటాల్లో మంచు కొండా, పక్కనే సముద్రం ఒడ్డూ. టై కట్టుకున్న కన్సల్టెంటు ఒక స్టేప్లరు తీసి ఇది కెనడా అన్నాడు, ఒక పేపరువెయిటు తీసి ఇది ఆస్ట్రేలియా అన్నాడు. అన్నిటికీ పాయింట్లు. వయసుకి పాయింట్లు, చదువుకి పాయింట్లు, ఇంగ్లీషుకి పాయింట్లు, ఫ్రెంచి వస్తే ఇంకొన్ని పాయింట్లు. తెలుగుకి ఎన్నండీ అని వేదవ్యాస్ నవ్వులాటకి అడిగితే అవతలి మనిషి నవ్వలేదు. కెనడా అయితే ఎవరి సాయం అక్కర్లేదు, దుర్గాశ్రీ బియస్సీ పుణ్యమా అని పాస్ మార్కు అంచు మీద గట్టెక్కుతాడు. కాకపోతే ఆ వరస కదిలేసరికి ఐదారేళ్లు. ఆస్ట్రేలియా అయితే సొంత కాళ్ల మీద కాసిని పాయింట్లు తగ్గుతాయి, శ్రావణంలో నలభై నిండితే ఇంకాసిని పోతాయి. అన్నగారు పూచీ పడితే మాత్రం ఆ తగ్గినవి లెక్కలోకి రావు, ఏడాదిన్నరలో విమానం ఎక్కొచ్చు. పేపరువెయిటు మీద వేలు పెట్టి, "మీ సొంత బ్రదరే కదండీ?" అన్నాడు. వేదవ్యాస్ "ఆయ్" అన్నాడు. గోదావరి వాళ్లకదో జబ్బు, ఎదుటివాడు ఏమడిగినా ముందు మర్యాదగా ఆయ్ అనేసి తర్వాత తీరిగ్గా ఆలోచించుకుంటారు. ఆలోచించుకునే లోపలే అతను సర్టిఫికెట్లు తిరగేసి, "ఫాదర్ నేమ్ వేరుగా ఉందేంటండీ" అన్నాడు. దత్తత సంగతి చెప్పాడు. అతని మొహం ఒక్కసారి వాడిపోయింది. పెదనాన్న కొడుకు పనికి రాడట, తోడబుట్టినవాడే కావాలట. మళ్లీ అంతలోనే వెలిగింది. "రిజిస్టర్ చేయించారా?" లేదన్నాడు. "అయితే ఇంకేమండీ, ఆ దత్తతే జరగలేదు. చిన్నాన్నగారింట్లో ఉండి చదువుకున్నారు, బళ్లో ఆయన పేరు రాయించేశారు. ఇద్దరు ఆడవాళ్లూ ఒక ప్రమాణపత్రం ఇచ్చేస్తే సరి." ఎంత తేలిగ్గా అన్నాడు. తాను ఎవరింట్లోనో ఉండి చదువుకున్నాడట.

గోదావరిలో నీళ్లు కదులుతున్నాయా, లేదా. వేదవ్యాస్ కమ్మీ మీంచి వంగి చూశాడు. ఒక కొబ్బరి మట్ట తేలుతూ వచ్చి పంటు పక్కన నిలిచిపోయింది, అటూ పోదు, ఇటూ పోదు. కెనడా, ఆస్ట్రేలియా. సోమయాజులు ఇంట్లో కొన్నాళ్లుండి ఉద్యోగం వెతుక్కోవచ్చు. కెనడాలో ఎవరున్నారు, ఎవరూ లేరు. ఐదారేళ్లకి తమ పాపకి ఇంటర్ అయిపోతుంది, అప్పుడు వెళ్లి ఏం లాభం. అసలు అప్పటికి ఆ రూల్సే ఉంటాయో, మారుస్తారో. అబద్ధం బయటపడితే మళ్లీ జన్మలో ఆ గడప తొక్కనివ్వరట, అదొకటి. కానీ ఎలా బయటపడుతుంది, చెప్పేవాళ్లెవరు. అయినా అది అబద్ధమేనా. రక్తం చూస్తే సోమయాజులు అన్నే కదా, వాడి ముక్కూ తన ముక్కూ ఒకటే. రక్తం పరీక్ష చేస్తే నిజమని తేలే అబద్ధం ఇది. అందుకే అతనికి పిచ్చెక్కుతోంది. మొత్తం అబద్ధమైతే ఛీ అని వదిలేసేవాడు, మొత్తం నిజమైతే సంతకం పెట్టేసేవాడు. కన్సల్టెంటు చివర్లో, మెట్లు దిగబోతుంటే పిలిచి మరీ చెప్పిన మాట ఒకటి ఉంది. "ఒకటి గుర్తు పెట్టుకోండి, ఆ కాగితం లోపలికి వెళ్లాక వాళ్ల లెక్కలో మీ మదర్ సుగుణగారే. రేపు పార్వతిగారిని తీసుకెళ్తానంటే కుదరదు. ఆవిడ మీకేమీ కారు. కెనడాలో ఆ ఇబ్బంది లేదు, ఉన్నదున్నట్టు రాస్తాం కాబట్టి, పర్మనెంటయ్యాక పిలిపించుకోవచ్చు." ఆవిడ మీకేమీ కారు. మెట్ల మీద ఎవరో టీ ఒలకబోశారు, కాలు జారబోయింది, గోడ పట్టుకున్నాడు.

దత్తు వెళ్లిన రోజున ఇక్కడ పంటు లేదు. తెరచాప పడవ. కపిలేశ్వరపురం రేవులో ఎక్కారు, దిగువకి వస్తున్నారు. పొద్దున్నంతా హోమం పొగ, కళ్లు మండుతున్నాయి. అమ్మ, అంటే అప్పటి అమ్మ, అంటే దొడ్డమ్మ, తనని ఎత్తి పిన్ని ఒళ్లో కూర్చోబెట్టింది. ఎవరో నీళ్లు వదిలారు, ఎవరో మంత్రం తప్పు చదివారని నాన్న కసిరాడు. పిన్ని గ్లాసుతో పసుపు నీళ్లు తాగి మొహం చిట్లించింది. తర్వాత అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది, రేవు దాకా రాలేదు. తాను ఏడవలేదు. ఇది బాగా గుర్తుంది, ఏడవలేదు, ఎందుకంటే పిన్ని కొంగున జీళ్ల పొట్లం కట్టి ఉంది. పడవ కదలగానే, "అమ్మా అను, ఒక జీడి పెడతాను" అంది. పిన్నీ అన్నాడు. "అహ, అమ్మా అనాలి." పిన్నీ అన్నాడు మళ్లీ. పడవలో అందరూ నవ్వారు. తెడ్డు వేసేవాడూ నవ్వాడు. కాసేపటికి నోరూరి అమ్మా అన్నాడు, జీడి వచ్చింది. ఇంకోసారి అమ్మా, ఇంకో జీడి. అవతల ఒడ్డు చేరేసరికి పొట్లం ఖాళీ, పళ్లకంతా నువ్వులు. అప్పుడే పక్కనున్న ముసలావిడ ఎవరో అడిగింది, "ఎవరబ్బాయమ్మా?" అని. పిన్ని మెడ నిటారుగా పెట్టి, "మా అబ్బాయండీ" అంది. ఎంత గట్టిగా అందంటే బాలగంగాధరంగారు సిగ్గుపడి, "మెల్లిగా చెప్పవే, ఒడ్డు మీద వాళ్లకి వినబడింది" అన్నారు. "వినబడనీండి" అంది. ఆ తర్వాత ఆవిడ ఇంకెప్పుడూ అంత గట్టిగా అనాల్సిన అవసరం రాలేదు. ఊళ్లో అందరికీ తెలిసిపోయింది.

బాలగంగాధరంగారిని రిజిస్టరాఫీసుకి వెళ్లమని అప్పట్లోనే ఎవరో చెప్పారట. "అగ్నిహోత్రుడు సాక్ష్యం ఉండగా సబ్ రిజిస్ట్రారుతో నాకేం పనండీ" అన్నారాయన. అంత ధీమా. ఆయనకి స్కూల్లో పిల్లలు చాటుగా పెట్టిన పేరు ధీమా మాస్టారు. ఆ ధీమాయే ఇవాళ ప్లీడరుగారికి సందు దొరికేలా చేసింది. "అగ్ని వచ్చి సంతకం పెట్టలేదు కదండీ మరి" అని ఫోన్‌లో ఆయన నవ్విన నవ్వు వేదవ్యాస్ చెవిలో ఇంకా ఉంది. ఘనాపాఠిగారు పోయినప్పుడు సోమయాజులు విమానంలో ఉన్నాడు, అందలేదు. కన్న తండ్రి శవం ముందు వేదవ్యాస్ తడిబట్టలతో నిలబడి ఉన్నాడు, నిప్పు పట్టుకోవడానికి చెయ్యి చాపాడు కూడా. పెద్దవాళ్లు ఆ చెయ్యి వెనక్కి నెట్టారు, "నువ్వు దత్తుడివి నాయనా, నీకు లేదు" అన్నారు. దాయాది ఒకాయన నిప్పు పెట్టాడు. తనకి మూడు రోజుల మైల, అంతే, నాలుగో రోజున డ్యూటీకి వెళ్లి మీటర్లు చూశాడు. రెండేళ్లకి బాలగంగాధరంగారు పోయారు. అప్పుడు నిప్పు తనదే. ఏడాది పొడుగునా మాసికాలు, చెప్పులేసుకోకుండా తిరగడం, పక్క మీద పడుకోకపోవడం, అన్నీ చేశాడు. ఇప్పుడు ఈ కాగితం ప్రకారం ఆ దత్తతే లేదు. అయితే ఆ నిప్పు తాను పెట్టాల్సింది, ఈ నిప్పు తాను పెట్టకూడనిది. రెండు చితులూ తారుమారు. ఈ మాట దుర్గాశ్రీతో అన్నాడు ఒకసారి. ఆమె పాపం, "వాళ్లిద్దరూ పిల్ల బాగుండాలనే కోరుకుంటారండీ" అంది. అదీ నిజమే. ఎవరి మాట విన్నా నిజంగానే ఉంటుంది, అదే వచ్చిన చిక్కు. అమ్మతో అంటే అమ్మ ఇంకా తేలిగ్గా తీసేసింది, "మీ నాన్నగారికి చేరాల్సినవన్నీ చేరేయిరా, ప్లీడరుగారి కాగితం పితృలోకం దాకా ఏం పోదులే" అంది.

అమ్మని అడిగిన రోజు ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అడగడానికి వేదవ్యాస్‌కి నోరు రాలేదు. చుట్టూ తిరిగి, సోమయాజులు గురించి చెప్పి, పాయింట్ల గురించి చెప్పి, చివరికి దుర్గాశ్రీయే అసలు విషయం చెప్పింది. అమ్మ గింజ తీసి పక్కన పడేసింది. "ఆయ్, దానికేముందిరా. చెప్తాను." ఒట్టు పెట్టి చెప్పాలమ్మా అన్నాడు. "పెడతాను." అబద్ధం కదమ్మా అన్నాడు. "అబద్ధమేముంది ఇందులో? నేను కన్నానా ఏంటి నిన్ను?" అని, అంతటితో ఆగి, ఇంకో గింజ తీసి, "అక్కయ్య కంది. అదే చెప్తాను" అంది. దుర్గాశ్రీ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ మర్నాటి నుంచీ అమ్మ సాధన మొదలుపెట్టింది. వంటింట్లో పోపు వేస్తూ, పూజ దగ్గర ఒత్తులు చేస్తూ, నేను ఇతని పినతల్లిని, ఇతను మా బావగారి కుమారుడు, అని బడిపిల్లలా పైకే అనుకునేది. పాప విని నవ్వేది. వేదవ్యాస్ పెరట్లోకి పోయేవాడు. బాధేసింది, కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఇంత తేలిగ్గా ఎలా అంటోంది? వదిలించుకోవాలని ఉందా? ఛ, అమ్మ అలాంటిది కాదు. మరి తానే కదా అనమన్నది. అనకపోతే కోపం రావాలి గాని అంటే వస్తుందేమిటి.

పైన గద్ద ఒకటి తిరుగుతోంది. పంటు ఆ చివర ఎవరో మునక్కాయల కట్ట మీద తల పెట్టి పడుకున్నాడు. ఇంత ఎండలోనూ గంగయ్య గుర్తొచ్చాడు, ఎందుకో తెలియదు. గంగయ్య తమ దొడ్లో కొబ్బరికాయలు దింపేవాడు. ఫాల్గుణంలో, ఉక్కపోత మొదలయ్యాక, ఎర్ర ఉన్ని స్వెట్టరు తొడుక్కుని చెట్టెక్కాడు. ఆడవాళ్ల స్వెట్టరు, గుండీల దగ్గర పువ్వులు కుట్టినది. కిందనుంచి వీధంతా చూసి నవ్వింది. "ఇదేంటి గంగయ్యా" అంటే, "అమ్మగారిచ్చేరండి, ఊరికే ఉంది తీసుకోమన్నారండి" అన్నాడు పైనుంచి. వేదవ్యాస్ కూడా నవ్వాడు ఆ రోజు. ఇవాళ నవ్వు రాలేదు. ఆ స్వెట్టరు అమ్మ పుష్యమాసంలో కొంది. అమలాపురం గడియార స్తంభం దగ్గర ప్రతి ఏడూ వచ్చే నేపాలీ వాళ్ల దగ్గర, బేరమాడి, రెండుసార్లు వెళ్లిపోతున్నట్టు నటించి మరీ కొంది. అప్పటికి ఇంట్లో ఎక్కువగా కెనడా మాటే నడుస్తోంది, దత్తత అడ్డొచ్చి సోమయాజులు స్పాన్సర్ సంగతి ఇంకా గట్టిపడలేదు. మన ఉక్కలో స్వెట్టరెందుకమ్మా అంటే, "ఉంటే ఉంటుందిలే" అంది. అక్కడ శివాలయం ఉంటుందా అని అడిగింది. మంచు మీద చెప్పుల్తో నడవొచ్చా అని అడిగింది. ఒకరోజు పనిలోంచి వచ్చేసరికి అద్దం ముందు స్వెట్టరు తొడుక్కుని, మెడ కింద గుండీ పెట్టుకుంటూ ఉంది. కొడుకుని చూసి గబగబా విప్పేసింది. ముసలితనపు చాపల్యం అనుకుని నవ్వుకున్నాడు. ఊరు దాటదు, గోదావరి దాటి ఒక్క పూట ఉండలేదు, ఇలాంటి మనిషి కెనడా ఏమిటి అనుకున్నాడు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. వస్తావా అని ఒక్కరూ అడగలేదు. పాయింట్లు లెక్కపెట్టారు, ఏళ్లు లెక్కపెట్టారు. అడగకుండానే ఆవిడ వస్తాననుకుంది, చెప్పకుండానే సిద్ధమైంది. కొడుకు కాదన్నాక వెంట వెళ్లడం ఉండదని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుని, ఆస్ట్రేలియా కాగితం సంగతి విన్న వారంలోనే స్వెట్టరు గంగయ్యకి ఇచ్చేసింది.

అదీ సంగతి. వేదవ్యాస్ కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు, ఎండకి అది కాలిపోతోంది. ఫాల్గుణం నుంచి ఇప్పటిదాకా ఆ ఎర్ర స్వెట్టరు కళ్ల ముందే చెట్లెక్కి దిగుతోంది, తనకి కనబడలేదు. ఇప్పుడేం చెయ్యాలి? వెళ్లి అమ్మని అడగాలా, నీకు రావాలనుందా అని? అడిగితే "నాకెందుకురా ఈ వయసులో" అంటుంది, ఖచ్చితంగా అంటుంది. పోనీ అడక్కుండా కాగితం ఆపేస్తే? దుర్గాశ్రీ మొహం ఎలా చూడాలి? పాప చదువు? వచ్చే మార్చిలో కాంట్రాక్టు నిజంగానే పోతే? సోమయాజులు ఎదురు చూస్తున్నాడు, వాడి మనసు మంచిది, వాడు తమ్ముణ్ణి తమ్ముడిగా తెచ్చుకోవాలనుకుంటున్నాడు, అందులో తప్పేముంది. దొడ్డమ్మ సంగతో? ఇన్నేళ్ల తర్వాత ఆవిడ కొడుకు ఆవిడకి కాగితం మీదైనా తిరిగొస్తున్నాడు. ప్లీడరు గుమస్తా చెప్పాడంటూ ఫోన్ చేసి, "నీ పేరు పక్కన నా పేరు రాస్తారుట కదరా" అంది. ఆ గొంతులో ఉన్నది ఆశో ఏమో. ఇద్దరిలో ఎవరికి ఇచ్చినా ఇంకొకరి దగ్గర లాక్కున్నట్టే. నీడలోకి నడిచాడు.

బల్ల మీద అమ్మ పక్కన ఒక పెద్దమనిషి చేరాడు. బాబూరావుగారట, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం, కూతురింటికి రామచంద్రపురం వెళ్తున్నారట. ఇవన్నీ అడక్కుండానే చెప్పేసి, ఆకులో చుట్టిన తాటి ముంజెలు అమ్మకి రెండు ఇచ్చి, ఇక తన వంతు ప్రశ్నలు మొదలుపెట్టారు. ఏ ఊరండీ, ఏ వీధండీ, ఫలానావారు మీకేమవుతారండీ, ఇప్పుడెక్కడికండీ. అమ్మ అన్నిటికీ ముంజె తింటూ జవాబు చెబుతోంది. వేదవ్యాస్ దగ్గరికి రావడం చూసి బాబూరావుగారు కొంచెం జరిగి చోటిచ్చారు.

"అబ్బాయిగారాండీ?" అన్నారు.

వేదవ్యాస్ నోరు తెరిచే లోపలే అమ్మ అంది. "కాదండీ. మా బావగారబ్బాయండీ. మా తోడికోడలి కొడుకు. మా ఇంట్లో ఉండి చదువుకున్నాడు."

ఒక్క మాట తడబడలేదు. ముంజె నీళ్లు కారకుండా చెయ్యి పక్కకి పట్టుకుని, నవ్వుతూ అంది. అని, బాబూరావుగారి భుజం మీంచి వేదవ్యాస్‌కేసి చూసింది. పాఠం తప్పు లేకుండా ఒప్పజెప్పిన పిల్ల పంతులుగారి వైపు చూసినట్టు చూసింది. బాగా చెప్పానా అని ఆ కళ్లు అడిగాయి. బాగానే చెప్పావమ్మా. బ్రహ్మాండంగా చెప్పావు. అతనికి ఆకలేసిన పిల్లాడికి వచ్చినట్టు ఏడుపొచ్చింది, ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషికి, పంటు మీద, ముంజెలు తింటున్న జనం మధ్యన. "ఆయ్, అలాగాండీ, పోలిక మాత్రం మీదేనండీ" అంటున్నారు బాబూరావుగారు, మర్యాద కోసం. రక్తంలో లేని పోలిక ఆయనకెక్కడ కనబడిందో. వేదవ్యాస్ వెనక్కి తిరిగి నీళ్లకేసి చూశాడు. కొబ్బరి మట్ట లేదు. ఎటు పోయిందో, ఎప్పుడు పోయిందో చూడలేదు. కాళ్ల కింద పంటు చిన్నగా కదిలింది, ఇసుక గీసుకున్న చప్పుడు, మళ్లీ కదిలింది. "లేచిందండి!" అని అరిచాడు సరంగు, అదేదో తానే లేపినట్టు. మునక్కాయల మనిషి లేచి కూర్చున్నాడు. ఇంజను దగ్గి అందుకుంది.

కోటిపల్లి రేవు దగ్గరపడుతోంది. ఏం చెయ్యాలో అతనికి ఇంకా తెలియదు. దుర్గాశ్రీకి చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటున్నాడు, ఒక్కటీ నిలవడం లేదు. మోటారు సైకిళ్లు ముందు దిగాయి, తర్వాత సైకిళ్లు, తర్వాత మనుషులు. ఒడ్డుకి వేసిన చెక్క మీద అమ్మ కాలు పెట్టి, అలవాటుగా చెయ్యి వెనక్కి చాపింది. అతను అలవాటుగా పట్టుకుని, "జాగ్రత్తమ్మా" అన్నాడు.

ఆవిడ ఒడ్డెక్కి ఆగింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఇదిగో, ఇదేరా నాకు భయం. నేనెంత బాగా చెప్పినా నువ్వు అక్కడ అమ్మా అంటావు, పనంతా పాడవుద్ది. పిన్నీ అనాలి. ఏదీ, ఒకసారి అను."

"అమ్మా, బస్సు…"

"పిన్నీ అనరా. నేననలేదూ ఇందాకా? నేనంటే నువ్వనలేవా?" ఆవిడ నవ్వుతోంది. "చిన్నప్పుడు వద్దన్నా అదే అనేవాడివి."

అనడానికి నిజంగానే ప్రయత్నించాడు. పెదవులు కలిశాయి. ఆ మాట మొదట తెలిసిన మాటే, అమ్మ కన్నా ముందు ఈవిడని పిలిచింది ఆ మాటతోనే. నాలుక దాకా వచ్చి నువ్వుల తీపి తగిలి ఆగిపోయింది.

"జీళ్లు కొనిపెడితే అంటాను" అన్నాడు.

ఆవిడకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు పోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. రేవు మెట్ల మీద స్నానాలు చేసి వచ్చేవాళ్లు పక్కనుంచి తప్పుకుని పోతున్నారు.

"కెనడాలో చలి చాలా ఎక్కువటమ్మా" అన్నాడు వేదవ్యాస్, ఆవిడ మొహం కేసి చూడకుండా. "ఐదారేళ్లు పడుతుందట. పడితే పడుతుంది. గంగయ్య దగ్గర స్వెట్టరు వెనక్కి తెచ్చుకోవాలి మరి."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, "వాడు ఇంకా ఉంచాడనుకున్నావా, చెట్లెక్కి మోచేతులు చింపేశాడు" అంది. ఇంకో నిమిషానికి, "అక్కయ్య అక్కడ ఎదురు చూస్తూ ఉంటుంది కదరా, పాపం" అంది.

"వెళ్దాం. ఉన్నదున్నట్టు చెబుదాం. భోజనం చేసి వద్దాం." దొడ్డమ్మకి ఎలా చెప్పాలో, సోమయాజులుకి ఏమని ఫోన్ చెయ్యాలో, ఇంటికెళ్లాక దుర్గాశ్రీ ఏమంటుందో, ఏదీ తెలియదు. మార్చిలో ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఐదారేళ్లకి తామెక్కడ ఉంటారో అసలే తెలియదు. వెనకనుంచి ఎవరో పరిగెత్తుకొస్తున్నారు.

"అమ్మగారూ, అమ్మగారండీ!" బాబూరావుగారు ఆయాసపడుతూ వచ్చారు, చేతిలో అమ్మ సంచీ. "బల్ల మీదే వదిలేసేరండీ. ఇదిగోనండీ, మీ బావగారబ్బాయికి ఇచ్చేస్తానండీ."

"మా అబ్బాయేనండీ" అంది పార్వతి.

ఎంత గట్టిగా అందంటే పంటు మీద తాడు చుడుతున్న సరంగు తలెత్తి చూశాడు, మెట్ల మీద బట్టలు పిండుకుంటున్న ఆడవాళ్లు తిరిగి చూశారు. బాబూరావుగారు సంచీ పట్టుకుని, ఇందాక విన్నది తప్పో ఇప్పుడు విన్నది తప్పో తేలక, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయారు. "ఆయ్" అన్నారు చివరికి.

వేదవ్యాస్ సంచీ అందుకున్నాడు.